విమానం దిగేదాకా నామం

మా అన్న విఠల్ పోయిన పదకొండో రోజున వదిన అతని రేకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, ఇందులో నీకు కావలసినదేమైనా ఉంటే తీసుకోమన్నది. పెట్టెలో పెద్దగా ఏమీ లేవు. రెండు జతల ఉన్ని మేజోళ్లు, తెగిన తులసి పూసల దండ, పింఛను కాగితాలు, వాటి అడుగున ఒక అట్టముక్క. ఒకప్పుడు నీలం రంగుది, వెలిసి బూడిద రంగుకు వచ్చింది. ఇంగ్లీషులోనూ హిందీలోనూ అచ్చు అక్షరాలు, వాటి కింద కలంతో వేసిన నాలుగు అంకె. అది ఏమిటో వదినకు తెలియదు. ఆమె మా ఇంటికి కోడలిగా రాకముందు సంగతి. ఆ అట్టముక్క చూపించి లోపలికి పోయినవాళ్లం నలుగురం. ముగ్గురు ఎప్పుడో వెళ్లిపోయారు. నేను మిగిలాను కాబట్టి నేనే రాయాలి.

మాది మక్తల్‌కు నాలుగు మైళ్ల దూరంలో నల్లరేగడి చేల మధ్య ఉన్న ఊరు. జొన్నలు, పల్లికాయ, కొద్దిగా కందులు పండేవి. కన్నడ సీమ పక్కనే మొదలవుతుంది కాబట్టి మా భజనల్లో ఆ మాటలూ ఈ మాటలూ కలిసే ఉండేవి. పండరికి నడిచిపోయే భక్తులు మా ఊళ్లో ఒక పూట ఆగేవారు. వాళ్ల వెంటనే పాండురంగడు మా తాతల కాలంలో మా ఇంట్లోకి వచ్చాడని అవ్వ చెప్పేది, ఎవరో చుట్టం వచ్చి ఇక్కడే ఉండిపోయినట్టు. పొద్దున్నే నిద్ర లేచేసరికి అమ్మ రొట్టెలు చరిచే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు వెనకాల మా నాన్న గొంతు, ఆయన్ని బాపు అనేవాళ్లం. స్నానం చేసి, నుదుట గోపీచందనం పెట్టుకొని, నామం చెప్పుకుంటూ ఎడ్లకు సొప్ప వేసేవాడు. మా ఎడ్లకు కూడా ఆ నామం వినకుండా మేత మొదలుపెట్టడం అలవాటు లేదు. కాల్చిన జొన్నరొట్టె వాసన, తడిసిన సొప్ప వాసన, ఆముదపు దీపం ఆరిన తర్వాత లేచే పొగ వాసన, ఈ మూడూ కలిసిన గాలి నాకు ఇప్పటికీ దేవుడి వాసనగానే అనిపిస్తుంది. గుళ్లో కర్పూరం వెలిగించినా నాకు ఆ భావం రాదు.

సాయంత్రం మా అరుగు మీద బాపు పురాణం చదివేవాడు. పాతిక మంది దాకా వచ్చి కింద కూర్చునేవారు. బాపుకు ఒక పట్టుదల ఉండేది. ఆపదలో ఉన్నవాళ్లను ఆపదలో వదిలి గ్రంథం మూసేవాడు కాదు. మడుగులో ఏనుగు కాలును మొసలి పట్టుకున్న ఘట్టం వచ్చిందంటే, ఇళ్లల్లో కుండలు చల్లారిపోతున్నా సరే, దేవుడు పరుగెత్తుకొని వచ్చేదాకా చదవాల్సిందే. మల్లప్ప మామ మాత్రం గొణిగేవాడు. అతడు అమ్మకు తమ్ముడు, మా మేళంలో మృదంగం అతనిదే. రేపు చదువుకుంటే ఏనుగు ఏమన్నా పారిపోతుందా అనేవాడు. బాపు కళ్లద్దాల మీదుగా చూసి, రాత్రంతా అది నీళ్లల్లో ఉంటుంది, నీకు నిద్ర పడుతుందేమో, నాకు పట్టదు అనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. బాపు నవ్వేవాడు కాదు. ఆయన నిజంగానే అన్న మాట అది.

ఏటా మాఘంలో మా ఊళ్లో నామ సప్తాహం జరిగేది. ఏడు రోజులు రాత్రింబగళ్లు నామం ఆగకూడదు. మండపంలో దీపం ముందు ఒకరు వీణె మెడకు తగిలించుకొని నిలబడి 'జయ జయ రామకృష్ణ హరి' అని చెబుతూ ఉండాలి. మా వీణె కచేరీల్లో ఒళ్లో పెట్టుకొని వాయించేది కాదు. పొడుగాటి కర్ర, కింద బుర్ర, తీగలు, అంతే. అది నేల తాకకూడదు, ఒక మెడ నుంచి ఇంకో మెడకే పోవాలి. మూడు గంటలకొకరు మారతారు, దాన్ని పహరా అనేవాళ్లం. పహరాలో ఉన్నవాడు నామం తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. దాహమైతే సైగ చేయాలి. తర్వాతివాడు వచ్చి నామం అందుకున్నాకే మొదటివాడి నోటికి విడుదల. ఎక్కడైనా తెగిందా, అప్పటిదాకా జరిగిన రోజులు లెక్కలోకి రావు, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు. తెగడం మాత్రం మా అవ్వ కూడా ఎన్నడూ చూడలేదు.

అది మా అన్న చేతిలో తెగింది. అన్న పాలమూరులో ఉండి మెట్రిక్ దాకా చదివాడు. మిలిటరీ విమానాల దగ్గర పనికి మనుషులను తీసుకుంటున్నారని అక్కడే విని, బాపుకు చెప్పకుండా కాగితాలు పంపుకున్నాడు. ఫలానా రోజు పొద్దున హైదరాబాదులో పరీక్షకు రావాలని జవాబు వచ్చింది. ఆ ముందురోజు సప్తాహంలో అయిదో రోజు. మధ్యాహ్నం పహరా మా అన్నది, ఆ తర్వాతది మల్లప్ప మామది. మక్తల్‌లో బస్సు నాలుగింటికి. ఒక గంట ముందుగా రమ్మని అన్న మామను బతిమిలాడుకున్నాడు, మామ సరేనన్నాడు, తిని కాసేపు నడుం వాల్చి నిద్రపోయాడు. అన్న చూసి చూసి, వీణెను మెడ నుంచి తీసి, మడిచిన శాలువా మీద పెట్టి వెళ్లిపోయాడు. అతని సంచీని ముందురోజే సొప్పవామిలో దాచిపెట్టింది నేను. ఊరి బయట దాన్ని అతని చేతికిచ్చిందీ నేనే. సంచీ ఎందుకో నాకు తెలుసు, వీణె దించి వచ్చాడని మాత్రం తెలియదు. మామ మండపానికి వచ్చేసరికి దీపం ఒక్కటే వెలుగుతోంది.

బాపు ఎవరినీ ఏమీ అనలేదు. బావి దగ్గర స్నానం చేసి వచ్చి, తడిబట్టలతోనే వీణె మెడకు తగిలించుకొని, ఇయ్యాల మొదటి రోజు అన్నాడు. జొన్నకోతలు ఆగిపోయాయి. పిట్టలు చేలు తింటుంటే కొందరు మొఖం మాడ్చుకున్నారు, కానీ ఒక్కరూ మానలేదు. అన్న పహరాలు కూడా బాపే నిలబడ్డాడు. ఏడో రోజుకు ఆయన గొంతు పోయింది. తర్వాత వచ్చింది గానీ, పగిలిన కుండలో నీళ్లు పోసినట్టు ఒక బొంగురు దానిలో చివరిదాకా మిగిలిపోయింది. సప్తాహం ముగిసిన తర్వాత అందరి ముందూ ఒక్క మాట అన్నాడు. "నామం ఇడిసిపెట్టి పోయినోడు ఈ మండపంల నిలబడడు. నా కొడుకైతేంది, ఎవ్వని కొడుకైతేంది."

అన్నకు ఉద్యోగం వచ్చింది. నెలకొక ఉత్తరం రాసేవాడు. బాపు దాన్ని ముట్టుకునేవాడు కాదు. నేను వంటింట్లో అమ్మకూ అవ్వకూ చదివి వినిపిస్తుంటే, అరుగు మీద బాపు తాడు పేనడం ఆగిపోయేది, చదవడం అయిపోగానే మళ్లీ మొదలయ్యేది. విఠలా విఠలా అని రోజుకు వెయ్యిసార్లు దేవుణ్ణి పిలిచే మనిషి, అదే పేరున్న కొడుకును మూడేళ్లు నోరారా పిలవలేదు. సెలవు మీద వస్తానని అన్న రెండుసార్లు రాశాడు. రమ్మని జవాబు రాయమనే ధైర్యం అమ్మకు లేకపోయింది. మల్లప్ప మామ అయితే మధ్యాహ్నం నిద్ర మానేశాడు. తిన్న తర్వాత మంచం మీద కూర్చోకుండా మా గడప ముందరి బండమీద కూర్చొని కునికేవాడు. ఎందుకురా అంటే, మంచం నన్ను మోసం చేసింది అనేవాడు.

అట్లాంటి రోజుల్లో ఒక ఉత్తరంతో పాటు ఆ నీలం అట్టముక్క వచ్చింది, నలుగురు లోపలికి పోవడానికి పాసు. హైదరాబాదు అవతల మిలిటరీ మైదానంలో విమానాలు జనానికి చూపిస్తారు, గాలిలో రకరకాల విన్యాసాలు చేస్తారు, నేను చూసుకునే విమానం కూడా ఎగురుతుంది, అది పాతకాలపుది, పసుపు రంగుది, రెక్కలు రెండు వరుసల్లో ఉంటాయి, మీరు వచ్చి చూడాలి అని అన్న రాశాడు. నేను చదవడం పూర్తి చేయగానే అవ్వ లేచి తన మూట సర్దుకోవడం మొదలుపెట్టింది. అరుగు మీదికి వినబడేలా అన్నది: "నాకు కండ్లు ఇంకో ఏడాది పని చేస్తయో చెయ్యవో. నేను పోతున్న. ఎవరన్న తోలుకపోతే సరి, లేకుంటే నడిచిపోత." బాపు తాడు పేనడం ఆపి, ముసలమ్మను ఒంటరిగా ఎట్లా పంపుతాం, నేను దిగబెట్టి తీసుకొస్తాను, అంతకన్నా నాకు అక్కడ పని లేదు అన్నాడు. అమ్మకు గొడ్లను వదిలి రావడం కుదరలేదు. రొట్టెలూ పల్లిపొడీ రేకు డబ్బాలో పెట్టి ఇచ్చింది. డబ్బా మోయడానికని మల్లప్ప మామ బయలుదేరాడు. నిజానికి ఎందుకు వచ్చాడో అందరికీ తెలుసు.

పాలమూరు దాకా బస్సులో, అక్కడి నుంచి రైల్లో పోయాం. దారి పొడుగునా అవ్వ, మనవడు విమానం ఎట్లా తోలుతాడో అని మాట్లాడుతూనే ఉంది. ఒక్క సంగతి ఇక్కడ చెప్పాలి. అన్న ఆ విమానాన్ని చూసుకుంటానని రాశాడే తప్ప తోలుతానని ఎక్కడా రాయలేదు. కానీ మా నలుగురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మా ఊళ్లో ఎడ్లకు మేత వేసేవాడే బండి కట్టుకుంటాడు. ఇరుసుకు కందెన పూసేవాడే పగ్గాలు పట్టుకుంటాడు. ఒకడు రాత్రీ పగలూ సాకితే ఇంకొకడు వచ్చి ఎక్కి తోలుకుపోవడం మేము ఎన్నడూ చూడలేదు. పదకొండేళ్ల దాన్ని, స్కూల్లో చదువుకుంటున్నదాన్ని, నాకూ తోచలేదు.

ఆ మైదానం ఇప్పటికీ నా కళ్లల్లో ఉంది. అంత చదునైన జాగాను నేను అంతకుముందు చూడలేదు. మా చేలల్లో ఎక్కడో ఒక బండో ముళ్లచెట్టో ఉండి తీరుతుంది. పెద్దవాళ్లకు షామియానాలు, కుర్చీలు. మాలాంటి వాళ్లకు మోకులు కట్టిన గడ్డి నేల. వేల మంది జనం. మైకులో ఎవరో ముందు ఇంగ్లీషులో, తర్వాత ఉర్దూలో చెబుతున్నారు. అవ్వ మోకు పక్కనే బైఠాయించింది. బాపు ఆమె వెనకాల కూర్చొని, తల వంచి, చేతిలో పూసలు తిప్పుకుంటున్నాడు.

మొదట జెట్టు విమానాలు వచ్చాయి. నాలుగు కలిసి వచ్చాయి, ఒకదాని రెక్క ఇంకొకదానికి తాకుతుందా అన్నట్టు. అవి మా నెత్తి మీదుగా పోయిన తర్వాత, ఆకాశం ఖాళీ అయిపోయిన తర్వాత, అప్పుడు వచ్చింది చప్పుడు. అవ్వ కొంగు నెత్తిన కప్పుకొని నేలకు వంగింది. నా పళ్లు కదిలినట్టయింది. మల్లప్ప మామ చెవుల్లోంచి వేళ్లు తీసి, మనిషి పోయినంక మాట వినబడుతున్నది, అచ్చం మా బావ కోపం లెక్కనే అన్నాడు. బాపు వినిపించుకోలేదు. జనమంతా మెడలు వెనక్కి విరిచి పైకి చూస్తున్నారు. అన్ని వేల మందిలో నేలను చూస్తున్నవాడు మా బాపు ఒక్కడే. నాకు కోపం వచ్చింది. అంత దూరం వచ్చి చూడకపోవడం ఏమిటని. విమానాలను చూడాలా, బాపు తల ఎత్తుతాడేమో చూడాలా తెలియక, రెండింటినీ సగం సగమే చూశాను.

తర్వాత ఆ పసుపు విమానం లేచింది. జెట్ల తర్వాత దాన్ని చూస్తే నవ్వొచ్చింది. రెండు వరుసల రెక్కలు, వాటి నడుమ కర్రలూ తీగలూ, మక్తల్ పిండిగిర్ని చప్పుడు. లోపల మనిషి తల బయటికి కనబడుతోంది. "ఇగో, మనోడు," అని అవ్వ బాపు మోకాలి మీద చెయ్యి వేసింది. బాపు పూసలు ఆగాయి. అది మెల్లగా పైకి పోయింది. గుండ్రంగా ఒక చుట్టు చుట్టింది. తలకిందులుగా చాలా దూరం ఎగిరింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంకా పైకి, ఇంకా పైకి పోయి, చిన్న పిట్టంత అయిన తర్వాత, దాని చప్పుడు ఆగిపోయింది.

మైకు కూడా ఆగింది. ఆ విమానం ముక్కు కిందికి వంచి, తనచుట్టూ తాను తిరుగుతూ రాలడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. నా పక్కనున్న ఆడమనిషి బిడ్డను ఒళ్లోకి లాక్కున్నది. అప్పుడు నా వెనకాల ఆ బొంగురు గొంతు లేచింది. జయ జయ రామకృష్ణ హరి. తిరిగి చూస్తే బాపు నిలబడి ఉన్నాడు. తల ఎత్తి ఉన్నాడు. సంచీలోంచి తాళాలు ఎప్పుడు తీశాడో చేతుల్లో ఉన్నాయి. ఆయన మొహంలో రక్తం లేదు, కానీ నామంలో తొందర లేదు. మండపంలో ఎంత నిదానంగా చెబుతాడో అంత నిదానంగా చెబుతున్నాడు. మల్లప్ప మామ రొట్టెల డబ్బాను ఒళ్లోకి తీసుకొని దరువు అందుకున్నాడు. అవ్వ చేతులు తడుతోంది. నేనూ లేచాను. ముందున్న వాళ్లు వెనక్కి తిరిగి చూశారు, కొందరు నవ్వారు. ఒక పోలీసు మోకు మీదుగా వంగి కూర్చోమని కర్ర ఊపాడు. బాపు అతన్ని చూడలేదు. ఎక్కడివాళ్లో ముసలి దంపతులు, మెడలో తులసిపూసలున్నవాళ్లు, మా వెనక నుంచి గొంతు కలిపారు.

చెట్ల ఎత్తుకు వచ్చిందనిపించిన తర్వాత ఆ పిండిగిర్ని చప్పుడు మళ్లీ పుట్టింది. విమానం ముక్కు పైకెత్తి మా మీదుగా ఎగిరిపోయింది. జనం కేకలు వేశారు. మామ దరువు ఆపబోయాడు. బాపు కళ్లతోనే వద్దన్నాడు. అది ఇంకా పైనే ఉంది కదా.

అప్పుడు మోకుకు అటువైపు నుంచి ఒక గొంతు, బాపూ అని పిలిచింది. నూనె మరకల నీలం దుస్తుల్లో, చేతిలో మసిగుడ్డతో, మాకు పది బారల దూరంలో మా అన్న నిలబడి ఉన్నాడు. మొదటి నుంచీ అక్కడే ఉన్నాడట. ఆ దుస్తుల్లో అందరూ ఒకే తీరుగా ఉన్నారు, అందరి మొహాలూ పైకే ఉన్నాయి, మేము పోల్చుకోలేదు. ఆ మైదానంలో నామం వినబడగానే, అది ఎవరి గొంతో వెతుక్కోవలసిన పని అతనికి లేకపోయింది. మూడు నాలుగు అడుగులు మోకు వైపు వేసి, అంతకన్నా జరగకూడదన్నట్టు ఆగిపోయి అన్నాడు. "బాపూ, నేను కిందనే ఉన్న."

అవ్వ మోకు కిందుగా చేతులు చాచి ఏడుస్తోంది. బాపు కొడుకును చూశాడు, నెత్తి నుంచి పాదాల దాకా చూశాడు, నామం మాత్రం ఆపలేదు. పహరాలో ఉన్నవాడు మాట్లాడకూడదు. మూడేళ్ల తర్వాత మొదటి మాట మాట్లాడాలన్నా నియమం నియమమే. బాపు మల్లప్ప మామ వైపు తిరిగాడు. మామ, నేను చూస్తుండగా, జీవితంలో మొదటిసారి ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా నామం అందుకున్నాడు. అప్పుడు బాపు అడిగాడు.

"మరి పైన ఎవరున్నరు?"

"పైలటు. పంజాబు మనిషి. నేను మిషను చూసుకుంట, ఆయన తోలుతడు."

"తల్లి ఉన్నదా ఆయనకు?"

అన్నకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఉన్నది అన్నాడు, తెలిసి అన్నాడో ఊరికే అన్నాడో.

"అయితే అందుకో," అన్నాడు బాపు.

అన్న ఒకసారి షామియానాల వైపు చూశాడు, అక్కడ అతని అధికారులున్నారు. తర్వాత చేతులు రెండూ ఒంటికి ఆనించి, సిపాయి నిలబడ్డట్టు నిలబడి, కళ్లు ఆకాశంలో పెట్టి నామం అందుకున్నాడు. మొదట పెదవులు మాత్రమే కదిలాయి. తర్వాత నాకు వినబడింది. ఆ విమానం ఇంకా రెండు చుట్లు చుట్టింది, ఇంకోసారి తలకిందులైంది. మోకుకు ఇటు మేము, అటు అన్న. ఎవరి కొడుకో, పేరైనా తెలియని ఒక పంజాబు మనిషి కోసం, అతడు దిగేదాకా. నేను అప్పటికి ఎన్నో సప్తాహాలు చూశాను, తర్వాత ఇంకెన్నో చూశాను. దేవుడు అంత దగ్గరగా నిలబడి విన్నాడని నాకు మళ్లీ ఎన్నడూ అనిపించలేదు.

చక్రాలు నేలను తాకి, విమానం ఆగిన తర్వాతే బాపు తాళాలు దించాడు. అన్న పరుగెత్తి చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టాడు. పైలటు దిగి, అతని భుజం తట్టి వెళ్లిపోయాడు. అన్న ఆ విమానం చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క తీగనూ చేత్తో తడిమి చూస్తున్నాడు. బాపు అదంతా కళ్లార్పకుండా చూశాడు. దూరం నుంచి వచ్చిన ఎద్దును గిట్లనే చూసుకోవాలె, అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాదు.

ఆట అయిపోయాక అన్నకు అరగంట విడుపు దొరికింది. గేటు బయట గోడ నీడలో కూర్చున్నాం. సొట్టలు పడ్డ డబ్బాలోంచి రొట్టెలు తీసి అవ్వ అతనికి తినిపించింది, చేతికి ఇవ్వకుండా, చిన్నప్పటిలాగా. విమానం రాలినప్పుడు ఇంజను ఆగలేదనీ, తగ్గిస్తారనీ, అది కూడా ఆటలో భాగమనీ అన్న చెప్పాడు. మల్లప్ప మామ సిగ్గుపడి, మేమంత ఏడ్చింది ఉత్తదేనా అన్నాడు. బాపు అతని మాటకు అడ్డం వచ్చి అన్నను అడిగాడు, నువ్వు మిషను ఆయనకు అప్పజెప్పినంక ఏం చేస్తవని. నిలబడతానన్నాడు అన్న. ఎంతసేపని అడిగితే, అది వచ్చేదాకా అన్నాడు. తిండి? వచ్చినంకనే. వేరేవాళ్లను పెట్టి పోవచ్చు గదా? పోవచ్చు, కొందరు పోతారు, నాకు మనసొప్పదు అన్నాడు. వీణె దించి పోయినవాడి నోట ఆ మాట రాగానే అందరం నేల చూపులు చూశాం. అన్నే మొదట తల ఎత్తాడు. తప్పయింది బాపూ అన్నాడు. మల్లప్ప మామ, తప్పు నాది బావా అని మొదలుపెడితే బాపు చెయ్యి ఎత్తి ఆపాడు.

సప్తాహానికి వస్తావా అని బాపు అడిగాడు. సెలవు ఇవ్వరని, ఇచ్చినా రెండు రోజులకు మించదని అన్న చెప్పాడు. బాపు పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. అందరి ముందు తాను అన్న మాటను కొడుకు కోసం వెనక్కి తీసుకునే మనిషి కాదు. తీసుకోకపోతే అవ్వ ఏమవుతుందో అని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"విఠలా," అన్నాడు బాపు. "మండపంల నిన్ను నిలబెట్ట. ఆ మాట మాటే. నీ పహరా ఈడ. నువ్వు పంపినోడు దిగేదాకా నామం ఇడువకు."

అన్న ఆయన కాళ్ల మీద పడ్డాడు. బాపు వంగి లేపాడు. అన్న చేతుల నూనె బాపు తెల్లచొక్కాకు అంటింది. అమ్మ ఎంత ఉతికినా ఆ మరక పోలేదు, ఆయన పోనివ్వను కూడా లేదు. ఆ తర్వాత అన్న సెలవుల్లో ఇంటికి వచ్చేవాడు. బాపుతో కలిసి ఎడ్లకు సొప్ప వేసేవాడు. ఉత్తరాలు చదవమని బాపే నన్ను పిలిచేవాడు.

ఇప్పుడు మా ఊరి సప్తాహం చాలా పెద్దది. మండపానికి పాలరాయి వేశారు. ఆడవాళ్లం కూడా వీణె పట్టుకుంటున్నాం. అది బాపు చూసి ఉంటే ఏమనేవాడో తెలియదు గానీ, నేను వేసుకున్న మొదటిరోజు అది నేల తాకుతుందేమోనని రెండు చేతులా పట్టుకున్నాను. భోజనాలు అయ్యేదాకా ఎవరినైనా నిలబెట్టడం కష్టమని, పోయిన ఏడాది పిల్లలు నామాన్ని ఫోనులో పెట్టి మైకుకు కలిపారు. నేను మొహం చిట్లించడం చూసి మా పక్కింటి కోడలు, నామం ఆగలే గద పెద్దమ్మా అన్నది. నిజమే, ఆగలేదు. మా బాపు కాలంలో ఒక మనిషి వెళ్లిపోతే తెగిపోయింది, ఇప్పుడు అందరూ వెళ్లిపోయినా తెగడం లేదు. దేవుడు ఫోనును వినడని చెప్పడానికి నేనెవరిని? కానీ పైన ఎవరో ఉన్నారని ఆ ఫోనుకు తెలియదు. వాళ్లు దిగారా లేదా అని అది తలెత్తి చూడదు. ఆ పిల్లకు ఇదంతా ఎట్లా చెప్పాలో తెలియక, తిన్నాననిపించుకొని వెళ్లి ఆ ఫోను పక్కన కూర్చొని, దానితోపాటు నేనూ చెప్పాను.

అన్న పింఛను తీసుకున్న తర్వాత పాలమూరులో ఇల్లు కట్టుకున్నాడు. ఏటా సప్తాహానికి వచ్చేవాడు, మండపం బయట మెట్ల మీద కూర్చునేవాడు. బాపు పోయిన తర్వాత ఊరి పెద్దలు, ఆ పాత మాట ఆయనతోనే పోయింది, వచ్చి పహరా తీసుకో అని ఎన్నోసార్లు అడిగారు. నవ్వి, నాకు వేరే ఉన్నది అనేవాడు. ఇంకా మనసులో పెట్టుకున్నాడేమో అనుకున్నాను. చివరి సంవత్సరాల్లో అతని పెదవులు ఊరికే కదులుతూ ఉండేవి. పేపరు చదువుతున్నా, టీవీ చూస్తున్నా, నోట్లో ఏదో నములుతున్నట్టు. ముసలితనం అని వదిన విసుక్కునేది. పోయే ముందు ఏడాది, ఒక సాయంత్రం వాళ్ల వరండాలో కూర్చున్నప్పుడు సూటిగా అడిగేశాను, బాపు మాట ఇంకా నొప్పిగా ఉందా అని. అతడు తల అడ్డంగా ఊపి, అప్పుడు చెప్పాడు. మైదానంలో ఆ రోజు మొదలుకొని తను పంపిన ప్రతి విమానానికీ నామం చెప్పాడట. లేవగానే మొదలు, చక్రాలు నేలను తాకగానే ముగింపు. ఎవరికీ చెప్పలేదు. తర్వాత కొన్నేళ్లకు యుద్ధం వచ్చింది. ఒక పొద్దున పంపిన విమానం రాలేదు. దాన్ని తోలింది చిన్నవాడు, మీసాలు కూడా సరిగ్గా రాలేదట. మధ్యాహ్నమైంది, పొద్దుగూకింది, అన్న నిలబడే ఉన్నాడు. చివరికి ఇద్దరు వచ్చి చెరో చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయారు. మర్నాడు ఇంకో విమానం అప్పగించారు.

నేను అడిగాను, "మరి గా పిలగాని కోసం నామం ఎప్పుడు ఆపినవన్నా?"

అన్న నా వైపు చూశాడు.

"ఆయన దిగలే గద చెల్లే."